ఉప్పు, కరివేపాకు, చేట: మన వంటింటికీ ఒక చరిత్ర ఉంది



పోస్టు కొంచెం పెద్దది. తీరిక చేసుకుని చదవండి. హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తప్పకుండా చదవాలి, ఎందుకంటే చివర్లో చెప్పేది ముఖ్యంగా వాళ్ళకే.

చీరాల నుంచి బాపట్ల వైపు ప్యాసింజర్ బండి ఎక్కితే ముందు ఈపురుపాలెం వస్తుంది, తర్వాత స్టువర్టుపురం. పక్కపక్క స్టేషన్లు. ఈపురుపాలెం అంటే ఎవరైనా చేనేత మగ్గాలు అంటారు. స్టువర్టుపురం అంటే సినిమా పేరు చెప్తారు. 1991లో వచ్చిన 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' దగ్గర్నుంచి 2023లో వచ్చిన 'టైగర్ నాగేశ్వరరావు' దాకా తెర మీద ఆ ఊరు అంటే కత్తులు, దోపిడీలు, పోలీసు జీపులు. ఆ ఊళ్ళో సాయంత్రం పొయ్యి వెలిగించి, పిల్లల్ని కూర్చోబెట్టుకుని వండుకు తిన్న ఇళ్ళు తెర మీద ఎప్పుడైనా ముఖ్యమైన విషయం అయ్యాయా?

అందుకే వంటిల్లు గురించి రాస్తున్నా. వంటింటికి చరిత్రేంటి అనుకోకండి. మన ఎరుకల వాళ్ళ చరిత్రలో సగం వంటింట్లోనే ఉంది. మిగతా సగం, ఆ వంటింటి వేళని మన దగ్గర్నుంచి ఎట్లా లాక్కున్నారో ఆ కథ.

మన పేర్లు చూడండి

ఎరుకల వాళ్ళలో శాఖల పేర్లు పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. ఉప్పు ఎరుకల. కరివేపాకు ఎరుకల. దబ్బ ఎరుకల. ఈతపుల్లల ఎరుకల. కుంచె ఎరుకల. పరికముగ్గుల ఎరుకల. 1909లో ఎడ్గర్ థర్స్టన్ అచ్చు వేయించిన ఏడు సంపుటాల 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా'లో కూడా మనవాళ్ళని ఇట్లాగే పనిని బట్టి శాఖలుగా చూపించారు.

ఒక్కో పేరూ ఒక పని. ఉప్పు ఎరుకల వాళ్ళు సముద్రం ఒడ్డు నుంచి ఉప్పు మోసుకెళ్ళి లోపలి ఊళ్ళలో అమ్మారు. కరివేపాకు ఎరుకల వాళ్ళు ఇంటింటికీ కరివేపాకు ఇచ్చారు. దబ్బ ఎరుకల వాళ్ళు వెదురు చీల్చి దబ్బలు తీసి చేటలు, గంపలు, తట్టలు అల్లారు. ఈతపుల్లల వాళ్ళు ఈత బరికెలతో బుట్టలు అల్లారు. పరికముగ్గుల వాళ్ళు ఎరుక చెప్పారు, సోది చెప్పారు. సోది చెప్పించుకునే ఇల్లాలు కూడా ముందు చేటలో బియ్యం పోసుకుని వచ్చి కూర్చునేది.

కుంచె ఎరుకల సంగతి ఈపురుపాలెం, చీరాల వైపు వాళ్ళకి బాగా అర్థమవుతుంది. మగ్గం మీదకి ఎక్కేముందు పడుగుకి గంజి పట్టించాలి. వీధిలో పడుగు బారుగా సాగదీసి కట్టి, గంజి రాసి, పోగు పోగుకీ అంటుకోకుండా పెద్ద కుంచెతో దువ్వుతారు. ఆ కుంచెలు కట్టడం మనవాళ్ళలో ఒక శాఖకి పని. అంటే వంటింట్లో పుట్టిన గంజి నేతగాళ్ళ నూలుకి పట్టాలన్నా మధ్యలో ఎరుకల చెయ్యి ఉంది.

ఇప్పుడు ఈ పేర్లన్నీ ఒక చోట పెట్టి చూడండి. ఉప్పు, కరివేపాకు, చేట, బుట్ట. పాత కాలంలో ఏ కులం వాళ్ళ వంటింట్లోకి వెళ్ళినా ఈ నాలుగూ ఉంటాయి. మనల్ని వాకిట్లో నిలబెట్టినవాళ్ళ ఇళ్ళలో కూడా మనం అల్లిన చేటలోనే బియ్యం చెరిగారు, మనం తెచ్చిన ఉప్పే కూరలో వేశారు. కొత్త కాపురానికి సారె పెట్టినా ధాన్యం కొలిచినా బుట్ట కావాలి, గంప కావాలి.

చేట చిన్న వస్తువు కాదు

మిక్సీ, ప్యాకెట్ బియ్యం వచ్చాక చేట ఎందుకో ఇప్పటి పిల్లలకి తెలియట్లేదు. దంచిన ధాన్యంలో ఊక, నూక, రాళ్ళు, బియ్యం అన్నీ కలిసి ఉంటాయి. చేటని పైకి ఎగరేసి పట్టడం చెరగడం. తేలికైన ఊక ముందుకి ఎగిరి పడుతుంది, బియ్యం వెనక్కి వస్తాయి. అదే చేటని అడ్డంగా ఊపుతూ నూకని, రాళ్ళని ఒక పక్కకి జరపడం నేమడం. రెండు పనులకీ చేట వాలు సరిగ్గా కుదరాలి. వెనక లోతు ఉండాలి, ముందు అంచు పల్చగా తెరుచుకుని ఉండాలి. దబ్బ మందం ఎక్కువైతే చెయ్యి లాగుతుంది. సందులు వదులైతే నూక కారిపోతుంది.

అల్లే పని ఇంట్లో అందరిదీ. వెదురు తెచ్చి చీల్చడం ఎక్కువగా మగవాళ్ళు చేసేవాళ్ళు. దబ్బలు నున్నగా గీకి అల్లడంలో ఆడవాళ్ళ చెయ్యి తిరిగి ఉండేది. పిల్లలు దబ్బలు తడిపి అందిస్తూ, అంచు కట్టడం చూస్తూ నేర్చుకునేవాళ్ళు. ఈ పని వంట పక్కనే జరిగేది. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే పక్కన బుట్ట అడుగు పడుతుండేది. పని చేసే చోటు, వండే చోటు, పిల్లలు నేర్చుకునే చోటు అంతా ఒకటే. మన భాష కూడా అక్కడే బతికింది. ఎరుకల భాష తమిళానికి దగ్గరైన ద్రావిడ భాష. బయట తెలుగు, పొయ్యి దగ్గర మన మాట.

ఉప్పు దారి

ఈ తీరంలో ఉప్పు పండించడం పాత పని. చినగంజాం ఉప్పు కొఠార్లు ఇప్పటికీ చూస్తాం. మళ్ళలోకి ఉప్పునీళ్ళు పెట్టి ఎండబెడితే ఎండాకాలంలో ఉప్పు పేరుతుంది. వానలు పడితే కరిగిపోతుంది. కాబట్టి వానలకి ముందే మోసుకెళ్ళాలి.

మనవాళ్ళు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు వేసుకుని లోపలి ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు. అక్కడ ఉప్పు ఇచ్చి ధాన్యం తీసుకునేవాళ్ళు. ఉప్పు లేనిదే ఊరు బతకదు. పచ్చడికి ఉప్పు కావాలి, చేపలు ఎండబెట్టడానికి కావాలి, పశువులకి కూడా కావాలి. రోడ్లు సరిగా లేని కాలంలో ఈ సరుకు ఊరూరికీ చేర్చింది సంచార జాతులే. లంబాడా అన్నల తాండాలు కూడా ఇట్లాగే ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోశాయి.

సంసారం మొత్తం వెంట నడిచేది. చెట్టు కింద మూడు రాళ్ళు పెట్టి వంట. ఒకరు నీళ్ళు, ఒకరు పుల్లలు, ఒకరు పిల్లని ఎత్తుకోవడం, ముసలమ్మ పొయ్యి చూసుకోవడం. ఇల్లంటే గోడలు కాదు, ఆ మూడు రాళ్ళ చుట్టూ చేరే మనుషులు.

ఒక్కొక్కటే తెగ్గొట్టారు

1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ ఉప్పుని తన గుత్తాధిపత్యంలోకి తీసుకుంది. పండించినవాడు సర్కారుకే ఇవ్వాలి, సర్కారు పెట్టిన రేటుకే కొనుక్కోవాలి. ధాన్యం పెట్టి ఉప్పు మార్చుకునే చిన్న వ్యాపారికి అక్కడే మొదటి దెబ్బ. ఉప్పు ధర పెరిగింది, చేతిలో డబ్బున్న వర్తకుడిదే రాజ్యం అయింది.

1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో మనుషులతో పాటు పశువులు కూడా లెక్కలేనన్ని పోయాయి. ఎద్దు పోతే మోత వ్యాపారం పోయినట్టే.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవులు రిజర్వు అయ్యాయి. వెదురు కొట్టాలన్నా, పశువులు మేపాలన్నా అనుమతి, రుసుము. దబ్బ ఎరుకల వాళ్ళ చేటకి ముడిసరుకు అక్కడ ఆగిపోయింది. అదే ఏడాది ఉప్పు చట్టం కూడా వచ్చింది.

తర్వాత రైలు. 1899 నాటికి బెజవాడ నుంచి మద్రాసుకి చీరాల మీదుగా రైలు దారి పూర్తయింది. ఇవాళ మనం ఈపురుపాలెంలో ఎక్కి దిగే దారి అదే. వంద ఎద్దులు మోసే ఉప్పుని ఒక్క వ్యాగన్ మోసుకుపోతే ఇక ఎరుకలవాడి దగ్గర ఎవరు కొంటారు?

మీనా రాధాకృష్ణ గారు 2001లో తెచ్చిన 'డిజానర్డ్ బై హిస్టరీ' పుస్తకంలో ఈ వరసంతా కాగితాలతో సహా చూపించారు. మన డిగ్రీ, పీజీ వాళ్ళు ఆ పుస్తకం తప్పకుండా చదవాలి. ఆమె చెప్పింది ఒక్క ముక్కలో చెప్పాలంటే, ముందు బతుకుతెరువు తీసేశారు, తర్వాత బతుకుతెరువు లేకుండా తిరుగుతున్నారని నేరగాళ్ళు అన్నారు.

గంట కొట్టినప్పుడు వంట ఆగాలి

నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తర భారతంలో మొదలైంది. 1911లో కొత్తగా రాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఏదైనా జాతిని సర్కారు నేరస్థ జాతి అని ప్రకటిస్తే చాలు, అందులో పుట్టినవాళ్ళ పేర్లు రిజిస్టర్లో ఎక్కుతాయి. వేలిముద్రలు ఇవ్వాలి. హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. తప్పు చేశాడా లేదా అన్న ప్రశ్నే లేదు, పుట్టుకే తప్పు.

ఆ చట్టం కిందనే 1913-14 ప్రాంతంలో బాపట్ల పక్కన ఇసక నేలల్లో సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చారు. ఎరుకల కుటుంబాలను తీసుకొచ్చి అక్కడ ఉంచారు. మద్రాసు ప్రభుత్వంలో హోం వ్యవహారాలు చూసిన హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఊరి పేరైంది. మన ఊరికి మన పేరు కూడా పెట్టుకోనివ్వలేదన్నమాట. సాల్వేషన్ ఆర్మీ పెద్ద బూత్ టక్కర్ అయితే నేరాన్ని రోగంలాగా కుదర్చవచ్చని ఒక పుస్తకమే రాశాడు.

సెటిల్‌మెంటులో ఏం జరిగిందో చరిత్ర పుస్తకాలు రాస్తే ఎక్కువగా నేరాలు, సంస్కరణ, మతం, కూలి గురించి ఉంటుంది. నేను ఒక్క విషయం వైపు చూడమంటున్నా. వంట వేళ.

హాజరు అంటే ఏంటి? పిలిచిన వేళకి పొయ్యి మీద ఏమున్నా వదిలి వెళ్ళి నిలబడాలి. పాసు అంటే ఏంటి? పక్క ఊళ్ళో ఉన్న అక్క ఇంటికి పండక్కి వెళ్ళి, నాలుగు రోజులు కలిసి వండుకు తిని రావాలన్నా అనుమతి కాగితం కావాలి. ఆ కాగితంలో రాసిన గడువు దాటితే శిక్ష.

సెటిల్‌మెంటు భూములు మొదట్లో సరిగ్గా పండలేదు. చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలీలు కావాలి. సెటిల్‌మెంటు నుంచి మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఆ ఫ్యాక్టరీ పనికి వెళ్ళారు. పొగాకు పనంటే ఆకు గ్రేడింగు చేయడం, ఈనె తీయడం, రోజంతా ఆ ఘాటు పీల్చడం. సొంతంగా ఎద్దు తోలుకుంటూ, ఇష్టమైన చెట్టు కింద పొయ్యి పెట్టుకున్న కుటుంబం ఇప్పుడు ఫ్యాక్టరీ వేళకి లేచి, ఫ్యాక్టరీ వేళకి తిని, హాజరు వేళకి తిరిగి రావాలి.

అన్నిటికంటే ఘోరమైనది పిల్లల సంగతి. 1911 చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళ లోపు ఉన్న పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం సర్కారుకి ఉంది. పిల్లలు తల్లిదండ్రుల దగ్గర పెరిగితే దొంగతనం నేర్చుకుంటారని వాళ్ళ లెక్క. మరి ఆ పొయ్యి దగ్గర పిల్లలు నిజంగా నేర్చుకునేది ఏంటి? దబ్బ తడపడం. ఉప్పు చూడటం. తాత చెప్పే కథ. మన భాష. ఆ నాలుగూ నేర్చుకునే వయసు సరిగ్గా ఆరు నుంచి పద్దెనిమిది.

థర్స్టన్ కాలపు పుస్తకాల్లో ఒకటి చదివాను. ఎరుకల ఆడమనిషి పురుడు పోసుకుంటే భర్త మంచం ఎక్కుతాడని, ఇంగువ, బెల్లం లాంటి మందులు తల్లికి బదులు తండ్రికి పెడతారని వింతగా రాశారు. చదివినవాళ్ళు నవ్వుకున్నారు. పురుటి నొప్పిలో మగవాడు కూడా పాలు పంచుకోవాలన్న ఆలోచన వాళ్ళకి వింతగా తోచింది. పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్ళే సెక్షన్ మాత్రం సంస్కరణగా తోచింది.

అదే చీరాలలో ఇంకో కథ

1921లో చీరాల-పేరాల ఉద్యమం అందరికీ తెలుసు. మున్సిపాలిటీ పన్నులు వద్దని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో వేల మంది ఇళ్ళు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. సుమారు పదకొండు నెలలు ఆ పాకల్లోనే వండుకు తిన్నారు. గొప్ప త్యాగం. పాఠ్య పుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా.

సరిగ్గా అదే ఏడాది, నాలుగు మైళ్ళో అయిదు మైళ్ళో అవతల, స్టువర్టుపురంలో మనవాళ్ళు కూడా పరాయి నేల మీద గుడిసెల్లో వండుకుంటున్నారు. వాళ్ళు తమంతట తాము రాలేదు. పదకొండు నెలల తర్వాత ఇంటికి వెళ్ళే వీలూ లేదు. అదీ చీరాల చరిత్రే, ఇదీ చీరాల చరిత్రే. పరీక్షల్లో ఒకదాని గురించే అడుగుతారు.

యానాది అన్నల పొయ్యి

ఈ తీరంలో మనతో పాటు ఉన్నవాళ్ళు యానాదులు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో ఎరుకలు, యానాదులు చెరి అయిదు లక్షలకు పైగా ఉన్నారు. నెల్లూరు నుంచి రేపల్లె, నిజాంపట్నం దాకా కాలవల పక్కన, చెరువు గట్ల మీద వాళ్ళ గుడిసెలు కనిపిస్తాయి. నేరస్థ జాతుల చట్టం వాళ్ళనీ వదల్లేదు. నెల్లూరు జిల్లాలో కప్పరాళ్ళతిప్ప సెటిల్‌మెంటు వాళ్ళ కోసం పెట్టిందే.

యానాది పొయ్యి మీదకి వచ్చేది చాలా వరకు ఆ రోజు దొరికినదే. కాలవలో జెల్లలు, మట్టగిడసలు, పీతలు. కోతలయ్యాక వరి చేలో ఎలుక బొరియలు. బొరియ తవ్వితే ఎలుకా దొరుకుతుంది, అది దాచుకున్న వడ్లూ దొరుకుతాయి. ఎలుకలు పడితే పంట దక్కేది రైతుకి. ఆ పనికి పిలిచిన రైతే, ఆ కూర తింటారని యానాదిని తక్కువగా చూస్తాడు.

వాళ్ళకి శ్రీహరికోట దీవిలో అడవి ఉండేది. తేనె, దుంపలు, మూలికలు, చేపలు అన్నీ అక్కడే. 1970ల్లో అంతరిక్ష కేంద్రం వచ్చాక యానాది కుటుంబాలు ఆ దీవి వదలాల్సి వచ్చింది. రాకెట్టు ఎగిరిన ప్రతిసారీ మనమూ చప్పట్లు కొడతాం. ఆ నేల మీద అంతకు ముందు ఎవరి పొయ్యి ఉందో కూడా గుర్తుంచుకోవాలి.

చట్టం పోయింది, వాసన పోలేదు

1947లో మద్రాసులో నేరస్థ జాతుల చట్టం రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. అందుకే ఆగస్టు 31న విముక్తి దినం జరుపుకుంటాం. యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్ళు ఆ చట్టం పోవాలని గట్టిగా పోరాడారు. 1970ల నుంచి లవణం, హేమలతా లవణం దంపతులు స్టువర్టుపురంలో పనిచేశారు.

చట్టం పోయినా మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. పేరు మారింది, అర్ధరాత్రి తలుపు కొట్టడం చాలా కాలం మారలేదు. రాత్రి పోలీసులొస్తారన్న భయంతో పెందలాడే వండి, పెందలాడే తిని, దీపం ఆర్పేసిన ఇళ్ళ గురించి మన పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు. అన్నం తినే వేళ కూడా భయమే నిర్ణయించింది.

తర్వాత మార్పులు మంచివీ వచ్చాయి. 1983లో ఎన్టీ రామారావు గారి రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక జొన్న సంగటి, నూకల జావ తాగే ఇళ్ళలో రోజూ వరి అన్నం వండారు. ఆకలి తగ్గింది. గ్యాస్ వచ్చింది, ఆడవాళ్ళ కళ్ళకి పొగ తప్పింది. అదే సమయంలో ప్లాస్టిక్ చేట, స్టీలు బుట్ట వచ్చి మన చేతిపని తీసుకుపోయాయి.

ఆదివారం పంది కూర

మన వంటిల్లు అంటే ఇప్పటికీ ఏంటో తెలియాలంటే పంది కోసిన రోజు చూడాలి. మగవాళ్ళు తెల్లారగట్లే లేచి గడ్డి వేసి కాల్చి, వెంట్రుక పోయేదాకా గీకి, పసుపు రాసి కడుగుతారు. కోసి పాళ్ళు వేయడం పెద్దవాళ్ళ పని. ఏ ఇంటికి ఎంత అన్న లెక్క నోటితోనే, తేడా రాదు. ఆడవాళ్ళు అల్లం, వెల్లుల్లి, ధనియాలు నూరతారు. కొవ్వు ముక్కలు విడిగా వేసి కరిగిస్తే నూనె అక్కర్లేదు, ఆ కొవ్వులోనే ఉల్లిపాయ వేగుతుంది. సన్న మంట మీద చాలాసేపు ఉడకాలి. ఆ ఉడికే సేపే అసలైన సేపు. పిల్లలు చుట్టూ కూర్చుంటారు, పాత గొడవలు తెగుతాయి, పెళ్ళి మాటలు మొదలవుతాయి, ముసలివాళ్ళు మన భాషలోకి వెళ్ళిపోతారు. ఉప్పు సరిపోయిందో లేదో చూడమని మొదటి ముక్క పిల్లల చేతిలో పెడతారు.

ఈ కూర గురించి చెప్పడానికి హాస్టల్లో మన పిల్లలు సిగ్గుపడతారు. ఇంటి నుంచి వచ్చిన కారియర్ మూత తీయగానే పక్కవాడు ఏం కూర అంటే మటన్ అని చెప్పి తినే పిల్లలు ఎంతమందో! ఎండు రొయ్యల గోంగూర వాసన వస్తుందని మూత మళ్ళీ పెట్టేసే పిల్లలు ఎంతమందో! ఆ సిగ్గు మన ఇంట్లో పుట్టలేదు. 1911లో రిజిస్టర్ రాసినవాళ్ళు వేసిన విత్తనం అది, ఇంకా మొలుస్తూనే ఉంది.

మనకే కాదు

అమెరికాలో మూలవాసులను వాళ్ళ వేట భూముల నుంచి తరిమి రిజర్వేషన్లలో పెట్టారు. 1864లో నవాహో ప్రజలను వందల మైళ్ళు నడిపించి తీసుకెళ్ళారు. అక్కడ రేషన్‌గా ఇచ్చింది గోధుమపిండి, కొవ్వు, పంచదార. ఆ రేషన్ పిండితోనే వాళ్ళ ఆడవాళ్ళు నూనెలో కాల్చిన రొట్టె చేసుకున్నారు. అదే ఫ్రై బ్రెడ్. ఇవాళ వాళ్ళ పండగల్లో అది ఉంటుంది. కొందరు అది మన బలం అంటారు, కొందరు అది మన బందీతనపు గుర్తు, ఆరోగ్యానికి చేటు అంటారు. వాదించుకుంటూనే తమ పాత మొక్కజొన్న వంటల్ని మళ్ళీ వెతికి తెచ్చుకుంటున్నారు.

కెనడా, ఆస్ట్రేలియాల్లో మూలవాసుల పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి బడుల్లో, సంస్థల్లో పెట్టారు. 2008లో రెండు దేశాల ప్రధానులూ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పారు. మన 17వ సెక్షన్ కూడా అదే జాతి చట్టం. ఇక్కడ ఆ మాట మన ముసలివాళ్ళకి ఎవరు చెప్పారు?

ఇప్పుడు మన వంతు

గురుకులాలని, ఆశ్రమ బడులని నేను ఆ సెటిల్‌మెంటు బడులతో పోల్చట్లేదు. మనలో చాలామంది ఈ పోస్టు చదవగలుగుతున్నారంటే హాస్టల్ అన్నం తిని చదువుకోబట్టే. ఈ చదువు మన అమ్మానాన్నలు తమంతట తాము కోరి ఇప్పించింది. తేడా చాలా పెద్దది.

కానీ లెక్క ఒకసారి చూడండి. అయిదో తరగతిలో గురుకులంలో చేరితే ఇంటర్ అయ్యేసరికి ఎనిమిదేళ్ళు. తర్వాత డిగ్రీ, కోచింగ్, ఉద్యోగం. ఇంట్లో ఉండేది దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు. అమ్మమ్మ చేట పట్టుకునే తీరు, నాన్న పంది పాళ్ళు వేసే లెక్క, మన భాషలో పొయ్యికి, కుండకి, ఉప్పుకి ఉన్న మాటలు నేర్చుకునే వయసంతా మనం బెల్లు మోగితే పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడి గడిపాం. అప్పుడు చట్టం బలవంతాన చేసిన ఎడబాటు, ఇప్పుడు మంచి కోసమే అయినా, మళ్ళీ అదే వయసులో పడుతోంది. ఆ ఖాళీని సెలవుల్లో మనమే పూడ్చుకోవాలి. వేరే ఎవరూ పూడ్చరు.

సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఫోన్ పక్కన పెట్టి పొయ్యి దగ్గర కూర్చోండి. తమ్ముళ్ళకి కూడా చెప్తున్నా, వంటింట్లో కూర్చుంటే మగతనం ఏం తగ్గదు. పురుటి మంచం కూడా ఎక్కిన జాతి మనది. ఉల్లిపాయలు కోస్తూ, బియ్యం ఏరుతూ నాలుగు ప్రశ్నలు అడగండి.

మన ఇల్లు ఏ ఎరుకల? ఉప్పా, దబ్బా, కుంచెనా, కరివేపాకా?

తాతల కాలంలో ఏ ఊరి నుంచి ఏ ఊరికి తిరిగేవాళ్ళు, ఎక్కడ పొయ్యి పెట్టేవాళ్ళు?

హాజరు, పాసు గురించి ఇంట్లో ఎవరైనా చెప్పగా విన్నారా?

ఇప్పుడు వండటం మానేసిన కూర ఏంటి, ఎందుకు మానేశారు?

చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. మన భాషలో చెప్తే ఆ భాషలోనే తెలుగు అక్షరాల్లో రాయండి. యానాది తమ్ముళ్ళు, సుగాలి, చెంచు, కోయ అన్నలు, అక్కలు కూడా మీ ఇళ్ళలో అడగండి. ప్రశ్నలు కొంచెం మారతాయి, అంతే.

మన పెద్దవాళ్ళ పేర్లు రిజిస్టర్లలో వేలిముద్రల పక్కన రాసుకున్నారు. వాళ్ళు ఏం వండారో, పొయ్యి దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఆ రిజిస్టర్లు పట్టించుకోలేదు. అది గుర్తున్నవాళ్ళు ఇంకా కొంతమంది మన ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళకి డెబ్భై, ఎనభై ఏళ్ళు.

ఈ సంక్రాంతికే అడగండి.